గదిలోనికి ఏది కొనవలెను?



ఈ నెల మేము మాట్లాడదలచినది చిన్న విషయముగా కనబడవచ్చును. కాని దీనివలన అనేక కుటుంబములలో అప్పులును అలకలును కలుగుచున్నవి. జూబ్లీహిల్స్ ప్రక్కనున్న కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధులలో ముగ్గురు నలుగురు కలసి ఒకే గదిలో ఉండి చదువుకొను బిడ్డలు అనేకులు. కొందరు అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులకు వెళ్లుచున్నారు. కొందరు సినిమా పని నేర్చుకొనుటకు వచ్చిరి. అన్నపూర్ణ స్టూడియోలో 2011లో ఆరంభమైన ఫిల్మ్ కళాశాల వంటివి ఉన్నందున ఎడిటింగ్ కూడ ఇప్పుడు కాలేజీ చదువే అయినది. వీరు ఇంటికి ఫోను చేసి, "నాన్నా, క్రొత్త కంప్యూటరు కావలెను, గదిలోనికి పెద్ద టి.వి. కూడ అందరము కలసి కొందుము" అని అడుగుచున్నారు.

అడిగినదంతయు దుబారా అనవద్దు. అడిగినదంతయు ఇయ్యను వద్దు. మొదట ఒక్క ప్రశ్న వేయుడి: ఇప్పుడున్న కంప్యూటరు ఏ పని చేయలేకపోవుచున్నది?

ఆన్ అగుటకే చాలసేపు పట్టుచున్నదా? లోపల పాత హార్డ్ డిస్క్ ఉన్నదేమో చూడుడి. దాని స్థానములో ఎస్.ఎస్.డి. వేయించిన యెడల అదే యంత్రము ఎంతో చురుకుగా పనిచేయును. ర్యామ్ 4 జి.బి. మాత్రమే ఉన్న యెడల 8కి పెంచవచ్చును. అయితే కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి యుండును, మార్చుటకు వీలుండదు. గనుక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని దుకాణములకు వెళ్లకమునుపే మోడల్ నంబరు వ్రాసికొని అడుగుడి. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు బాగుగా పెరిగినవి గనుక అవసరమునకు మించి కొనవద్దు.

మరియొక సంగతి. విండోస్ 10కి సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. విండోస్ 11కు మరీ పాత ప్రాసెసర్లు సరిపోవు. అట్టి యంత్రముపై డబ్బు పోయుటకంటె క్రొత్తది కొనుట మేలు. నోట్సు వ్రాసికొనుటకు, ఇంటర్నెట్ చూచుటకు మాత్రమైతే ఉచితముగా దొరకు లినక్స్ చాలును.

ఎడిటింగ్ నేర్చుకొను బిడ్డకు మాత్రము లెక్క వేరు. అతనికి 16 జి.బి. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు విలాసములు కావు, పనిముట్లు. వడ్రంగి కుమారునికి ఉలి ఇయ్యకుండ పని నేర్పగలమా?

ఇక టి.వి. సంగతి. 32 అంగుళములు మించిన టి.వి.లపై జి.యస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గెను. పన్ను తగ్గెను గాని గది పెరుగలేదు. పదడుగుల గదిలో ఒకడు సినిమా చూచుచుండగా, రేపు పరీక్ష వ్రాయవలసినవాడు ఎక్కడ చదువుకొనును? అందరు కలసి కొన్న టి.వి., గది ఖాళీ చేసిన దినమున ఎవరిది? స్నేహము చెడుటకు ఈ తగవు చాలదా?

మా సలహా ఇది. ఐ.పి.యస్. తెర గల 24 అంగుళముల మానిటరు ఒకటి, మంచి హెడ్‌ఫోన్లు ఒక జత కొనుడి. పగలు చదువునకు, రాత్రి సినిమాకు అదే తెర. ల్యాప్‌టాప్‌కు హెచ్.డి.యం.ఐ. తీగ తగిలించిన చాలును. ఎడిటింగ్ విద్యార్థికి మరియొక లాభమున్నది. అనేక టి.వి.లు దుకాణములో కళ్లు చెదరునట్లు రంగులను అదనముగా పెంచి చూపును. అట్టి తెర నమ్మి రంగులు దిద్దినవాని పని వేరొక తెరమీద వికారముగా కనబడును.

తలిదండ్రులారా, "మా వలన కాదు" అని ఫోను పెట్టివేయకుడి. నెల వాయిదా ఎంత, ఎన్ని నెలలు, ఇంటిలో ఏ ఖర్చు తగ్గించి కట్టుచున్నారో బిడ్డకు చెప్పుడి. యౌవనులారా, మీకు కావలసిన వస్తువు పేరు కాదు, దానితో చేయబోవు పని పేరు మొదట ఇంటికి వ్రాయుడి. ఆ పని తెలిసిన తండ్రి అప్పు చేసినను సంతోషముతో చేయును.