ఎన్నింటికి లేస్తారు?

హైదరాబాదు చూడ్డానికి ఊళ్లనుంచి వచ్చే చుట్టాలు మొదటిరోజు అడిగేది ఫలానా హీరోగారి ఇల్లు ఏ రోడ్డులో ఉందని. రెండోరోజు పొద్దున్న అడిగేది మంచి టిఫిన్ ఎక్కడ దొరుకుతుందని. మొదటి ప్రశ్న తేలిక. జూబ్లీహిల్స్ ఎక్కే ఏ ఆటో అబ్బాయిని అడిగినా చెప్తాడు. రెండోదానికి మాత్రం నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "మీరు ఎన్నింటికి లేస్తారు?" అని.

వాళ్లు నవ్వుతారు. నేను హాస్యానికి అడగడం లేదండీ! ఈ నగరంలో నాలుగింటికి దొరికే ఫలహారం వేరు, ఏడింటికి దొరికేది వేరు. పదింటికి దొరికేదాన్ని ఫలహారం అనడం కేవలం మర్యాద కోసం. తీరిగ్గా తల దువ్వుకుని, సెల్‌ఫోన్‌లో ఏ హోటలుకు ఎన్ని నక్షత్రాలొచ్చాయో లెక్కపెట్టుకుని, క్యూలో గంటసేపు నిలబడి, వచ్చిన దోశకు ముందు ఫోటో తీసి, అది చల్లారాక తినే వాళ్లకు నా సలహా అక్కర్లేదు. మిగతావాళ్లు నాతో రండి.

ముందుగా మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్టు దగ్గర, కరాచీ బేకరీ ముందు, ఊరంతా నిద్రలో ఉండగానే పెనం వేడెక్కించి పేరు తెచ్చుకున్నది 'రామ్ కీ బండి'. ఆ పేరుతో ఇప్పుడు దుకాణాలు కూడా వెలిశాయి గానీ, కథ మొదలైంది బండి మీదే. దోశ పోసి, దాని మీద వెన్న, ఉప్మా, ఉల్లిపాయ ముక్కలు, టొమాటో, కారప్పొడి వేసి, గరిటెతో పెనం మీదే మెదిపి రాసేస్తారు. తంజావూరు నుంచి వచ్చిన పెద్దాయనెవరైనా చూస్తే ఇది దోశ కాదని పోట్లాటకు దిగుతాడు. చార్మినార్ వైపు 'గోవింద్' బండిదీ ఇదే పద్ధతి. సెకండ్ షో వదిలాక ఇంటికి వెళ్లబుద్ధి కానివాళ్లూ, నైట్ డ్యూటీ దిగినవాళ్లూ, పేపరు కట్టలు మోసేవాళ్లూ కలిసి పెంచిన రుచి ఇది. రాత్రంతా మేలుకున్న కడుపుకు అంత వెన్నా అంత కారమూ కావాలి. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచిన కడుపుకు అదే దోశ బరువు. కాబట్టి తెల్లవారుజామున తింటే అమృతం, పదింటికి తింటే మధ్యాహ్నం భోజనం మానెయ్యాలి.

చార్మినార్ దాకా వచ్చాం కదా, ఆ పక్కనే నిమ్రా. ఇరానీ చాయ్ రహస్యం ఏమిటని చాలామంది అడుగుతుంటారు. పెద్ద రహస్యమేం లేదు. డికాక్షన్ ఒక పాత్రలో మూతపెట్టి తీరిగ్గా కాగుతుంది, పాలు ఇంకో పాత్రలో చిక్కబడుతుంటాయి. కప్పులో కలిసేదాకా ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు, వెనకటి పెళ్లిళ్లలాగా. పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద చెలామణీ అవుతున్న బిస్కెట్టు అది. తీపీ ఉప్పూ రెండూ తగులుతాయి. చాయ్‌లో ముంచి ఎంతసేపు ఉంచాలన్నది అనుభవం మీద గాని రాదు. ఒక్క క్షణం ఎక్కువైందా, కప్పు అడుక్కి వెళ్లిపోతుంది.

పాతబస్తీ అంటే చాయ్, బిస్కెట్టు అనుకుని వెనుదిరిగేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. హైదరాబాదు అసలు ఫలహారం ఆ సందుల్లోనే ఉంది. నహారీ ఉంది. అరబ్బీలో 'నహార్' అంటే పగలు. పేరులోనే వేళ ఉందన్నమాట! రాత్రి పొయ్యెక్కించిన గొర్రెకాళ్లూ, నాలుకా సన్నసెగ మీద ఉడికి ఉడికి, పులుసు పెదాలకు అంటుకునేంత చిక్కబడేసరికి తెల్లవారుతుంది. అందులోకి నాలుగు మూలలుండే నాన్ రొట్టె తుంచుకుని ముంచాలి. ఇది తిని చలికాలం పొద్దున్న చొక్కా పైగుండీ విప్పుకున్నవాళ్లను చూశాను.

అంత బలమైన తిండి వద్దంటే ఖిచిడీ, కీమా, ఖట్టా ఉంది. నన్నడిగితే ఈ ఊరి కిరీటం అదే. ఎర్ర కందిపప్పు వేసి పసుపు పచ్చగా వండిన పలచని వాసన గల అన్నం. పక్కన పొడిపొడిగా వేయించిన కీమా. పైన ఖట్టా, అంటే నువ్వులూ వేయించిన జీలకర్రా నూరి చింతపండు పులుసులో కలిపి, పచ్చి ఉల్లిపాయ తరిగేసినది. అప్పడం విరుచుకుని నంజుకోవడం. పొద్దున్నే అన్నమా అని మొహం చిట్లించే కోస్తా మిత్రులకు ఒక్క మాట. మన తాతలు పొద్దున్న తిన్నది చద్దన్నమే కదా! ఇడ్లీ మన ఇళ్లకొచ్చి ఎన్నాళ్లయిందని? బిర్యానీ పేరు చెప్పి ఊరూరా ఊరేగుతున్న ఈ నగరం ఖిచిడీని గుమ్మం దాటనివ్వలేదెందుకో నాకు అర్థం కాదు. నూటికి తొంభైమంది టూరిస్టులు దాని పేరైనా వినకుండా రైలెక్కుతున్నారు.

సికింద్రాబాదు వైపు తేలిగ్గా దాటేద్దాం. రైలు దిగినవాళ్లకు స్టేషన్ ఎదురుగా ఆల్ఫా ఉంది, చాయ్ ఉంది, బన్ను ఉంది. పారడైజ్ పేరు చెబితే బిర్యానీ గుర్తొస్తుంది గానీ, అది 1953లో పారడైజ్ సినిమా హాలు ఆవరణలో చాయ్, చిరుతిళ్లు అమ్ముకునే చిన్న కేఫ్‌గా మొదలైందని మన సినిమా పాఠకులైనా గుర్తుంచుకోవాలి. ఇంటర్వెల్ పుణ్యమే ఆ వైభవమంతా!

ఇక కూర్చుని, అరిటాకో స్టీలు ప్లేటో ముందు పెట్టుకుని తినేవాళ్ల సంగతి. ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటలు ఉంది, హిమాయత్‌నగర్‌లో మినర్వా ఉంది. పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి ఇవి నమ్మకమైన చోట్లు. బంజారాహిల్స్ 'చట్నీస్'లో చిరంజీవిగారి పేరు మీద స్టీమ్ దోశ ఉంది. నూనె పెద్దగా లేకుండా మెత్తగా, దూదిలా ఉంటుంది. అభిమానులు దాన్ని ప్రసాదంలా తింటారు. మంచిదే, కాదనను. కానీ నా మనసు పెసరట్టు మీద ఉంటుంది. ఉప్మా పెట్టిన పెసరట్టుకు 'ఎమ్మెల్యే పెసరట్టు' అనే పేరు ఎమ్మెల్యే క్వార్టర్సు క్యాంటీన్ నుంచి వచ్చిందంటారు. నిజానిజాలు ఆ శాసనసభ్యులకే తెలియాలి. ఒక హోటలు సరుకేమిటో తెలుసుకోవాలంటే పెసరట్టే అడగండి. ఇడ్లీ పిండి, దోశ పిండి రాత్రంతా పులవాలి. పెసరపిండి అలా కాదు. పచ్చిమిర్చీ అల్లమూ వేసి రుబ్బింది రుబ్బినట్టు పెనమెక్కాలి. నిలవ ఉంటే రంగు మారుతుంది, వాసన మారుతుంది. దాన్ని అల్లం పచ్చడి కూడా దాచలేదు. పొద్దున్న రుబ్బి, అయిపోగానే "లేదండీ" అని చెప్పే హోటలు మంచి హోటలు. రాత్రి తొమ్మిదింటికి కూడా పెసరట్టు వేసిచ్చే చోట నేను కాఫీతో సరిపెట్టుకుంటాను.

ఆఖరున కృష్ణానగర్. ఏ జాబితాలోనూ ఈ పేరుండదు.

అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచాక, మద్రాసు నుంచి మన సినిమా మెల్లమెల్లగా సామాన్లు సర్దుకుని ఇక్కడికి చేరింది కదా! స్టార్లు కొండెక్కారు. జూనియర్ ఆర్టిస్టులూ, లైట్‌బాయ్‌లూ, అసిస్టెంట్ డైరెక్టర్లూ, ఇవాళో రేపో హీరో కాబోయేవాళ్లూ కొండ కింద కృష్ణానగర్‌లో గదులు తీసుకున్నారు. 2008లో పూరి జగన్నాథ్ 'నేనింతే' తీసింది ఇలాంటివాళ్ల మీదే. తెల్లారకముందే అక్కడ వీధులు లేస్తాయి. షూటింగులకు మనుషుల్ని ఎక్కించుకునే వ్యాన్లు ఒకవైపు, టిఫిన్ బండ్లు ఒకవైపు.

ఇక్కడో లెక్క ఉంది. షూటింగు ఉన్నరోజు టిఫిన్ కంపెనీదే. ఇడ్లీ, వడ, పొంగలి ప్రొడక్షన్ వాళ్లు తెచ్చిపెడతారు. మధ్యాహ్నం భోజనమూ వాళ్లదే. పని లేని రోజు రెండూ సొంత డబ్బుతో కొనుక్కోవాలి. అంటే జేబులో రూపాయి ఉన్నరోజు తిండి ఉచితం, లేని రోజు తిండికి ఖరీదు! వ్యాన్లు వెళ్లిపోయాక కూడా వీధిలో మిగిలినవాడికి, బండి దగ్గర తినే నాలుగిడ్లీలు సాయంత్రం దాకా ఆగాలి. అందుకే ఆ బండ్ల మీద చట్నీ విషయంలో పిసినారితనం పనికిరాదు. పల్లీచట్నీ గరిటెడు అడిగితే గరిటెన్నర పోస్తారు. "ఇంకొంచెం వెయ్యన్నా" అంటే విసుక్కోకుండా వేస్తారు. ఖాతా పుస్తకం ఉండదు. మొహం గుర్తుంటే చాలు, రేపిచ్చినా ఫర్వాలేదు.

ఇడ్లీ కూడా మంచిదే సుమండీ, జాలితో చెప్పడం లేదు. ఆవిరి మీదనుంచి దిగింది దిగినట్టు అమ్ముడైపోతుంటే చల్లారే అవకాశం ఎక్కడిది? ఏసీ హోటల్లో మూడురెట్లు పోసి కొన్నా అంత వేడి ఇడ్లీ దొరకదు. అలాగని ఈ బండ్లు కలకాలం ఉంటాయని ధీమా పడ్డానికి లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు కదిలేవి ఇవే. బండిది పేరు మోస్తే గాజు తలుపుల దుకాణమవుతుంది, దుకాణం కాగానే ఇడ్లీ ధర కొండెక్కుతుంది. వ్యాను తప్పిపోయిన కుర్రాడు మాత్రం కొండ కిందే ఉంటాడు.

ఎప్పుడైనా వెళ్తే ఆరున్నరకల్లా వెళ్లండి. చిల్లర దగ్గరుంచుకోండి. పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడ్డ కుర్రాడి మొహం ఎక్కడో చూసినట్టుంటే ఉండనివ్వండి. "ఏ సినిమాలో చేశావు బాబూ?" అని మాత్రం అప్పుడే అడక్కండి. ముందు తిననివ్వండి.