ఇంటి చదువుకు ముందు ఇంటి లెక్క

పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పించాలనుకునే కుటుంబాలు మన సమాజంలో ఉన్నాయి. కొందరికి ఫీజుల భారం, కొందరికి పాఠశాల దూరం, మరికొందరికి బిడ్డ చేత హిఫ్జ్ పూర్తి చేయించాలన్న కోరిక కారణం. ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇంట్లో వెంటనే తలెత్తే ప్రశ్న ఏ పుస్తకాలు కొనాలన్నది. దానికి ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఏ బిడ్డ, ఏ సంవత్సరం, ఏ పరీక్ష రాయాలి?

చట్టం ఏమంటోందో ముందుగా తెలుసుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను తల్లిదండ్రులపై ఉంచింది. చదువు ఆగిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని కూడా అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఇంట్లో చదువు సాగడం లేదని గ్రహిస్తే, సంకోచించకుండా ప్రభుత్వ బడికి తీసుకువెళ్లాలి.

14 ఏళ్లు నిండినవారికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదవ తరగతి పరీక్ష అందుబాటులో ఉంది. అయిదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒక భాష; తెలుగు, ఉర్దూ మాధ్యమాలూ ఉన్నాయి. ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు ఉంటుంది. తెలుగు రాష్ట్రాలు రెంటికీ తమ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. పరీక్ష నిర్ణయమైతే పాఠ్యప్రణాళిక దానంతట అదే నిర్ణయమవుతుంది. అప్పుడు ఖరీదైన కిట్ల అవసరం కనిపించదు.

ఇక ఖర్చు. నెలకు 1,500 రూపాయలు కేటాయించగల ఇల్లు అనుకుందాం, ఏడాదికి 18,000. అందులో మొదట పక్కన పెట్టవలసింది ఆ ఏడు పరీక్ష రాసే బిడ్డ ప్రవేశ, పరీక్ష రుసుములు. తరువాత, ఇంట్లో ఎవరూ చెప్పలేని గణితానికో విజ్ఞానశాస్త్రానికో ట్యూషన్. పుస్తకాలది చివరి వాటా. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తాయి. పెద్దవాడి పుస్తకాలు చిన్నవాడికి దాచేవారు ఒకటి గమనించాలి. ఎన్‌సీఈఆర్‌టీ 2023 నుంచి తరగతులవారీగా పుస్తకాలను మారుస్తోంది. నిఘంటువు, అట్లాసు మాత్రం అందరికీ ఒక్కొక్కటి చాలు. కథలు, చరిత్ర పాఠాలు కలిపి చదివించవచ్చు. లెక్కలు మాత్రం ఎవరి స్థాయికి తగినట్టు వారికి చెప్పవలసిందే.

ఈ లెక్కలో ఎక్కడా రాయని ఖర్చు ఒకటుంది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పాఠాలు చెప్పేది ఎక్కువగా పెద్దమ్మాయే. ట్యూషన్ డబ్బు మిగిలిందని మనం సంతోషిస్తాం. ఆ పిల్ల పుస్తకం మాత్రం మూతపడి ఉంటుంది. చేతిలో డబ్బు చాలనప్పుడు వాయిదా పడేదీ ఆమె ఫీజే. వచ్చే ఏడు చూద్దామంటారు, ఆ ఏడు పెళ్లి సంబంధం వస్తుంది. ఇది ఇంటి చదువు కాదు, బడి మాన్పించడమే. రోజుకు రెండు గంటలు ఆమె సొంత చదువుకు కేటాయించాలి, ఫీజుల్లో మొదటిది ఆమెది కావాలి. పైగా జాతీయ సంస్థలో బాలికలకు రుసుము తక్కువ.

మస్జిద్ కమిటీలకు, కార్యకర్తలకు మా విజ్ఞప్తి. మీ మహల్లాలో ఇంటివద్ద చదివే పిల్లల పేర్లు, వయసు, రాయవలసిన పరీక్ష ఒక రిజిస్టరులో రాసుకోండి. ప్రవేశాల గడువుకు నెల ముందే ఆ ఇళ్లకు వెళ్లండి. జనన ధ్రువపత్రంలో ఒక మహమ్మద్, ఆధార్‌లో మరో మొహమ్మద్ ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించండి. ఫీజు కట్టలేని ఇల్లు కనబడితే, ముందుగా ఆ ఇంటి ఆడపిల్ల ఫీజు కట్టండి.