కమాండో భార్యకు ఏం తెలియాలి?

కమాండో అనగానే మనకి సినిమాయే గుర్తొస్తుంది. హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగడం, ముఖానికి నల్లరంగు, చేతిలో తుపాకీ. ఆ మనిషికి ఊళ్లో ఒక భార్య ఉంటుందనీ, ఆవిడ గ్యాస్ బుక్ చేసుకుంటూ, అత్తగారికి షుగర్ మాత్రలు తెస్తూ, పిల్లాడి ఫీజు కడుతూ ఉంటుందనీ ఏ సినిమావాళ్లూ చూపించరు. చూపిస్తే టికెట్లు తెగవు కాబోలు.

వీళ్లెక్కడో ఢిల్లీవాళ్లనుకోకండి. నేవీ కమాండోలు మార్కోస్ వాళ్ల స్థావరం ఐఎన్ఎస్ కర్ణ మన భీమునిపట్నంలోనే ఉంది, 2016లో ప్రారంభించారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని పేరే పడిపోయిన ఊరుంది. మా మేనకోడలి భర్త కూడా పారా స్పెషల్ ఫోర్సెస్‌లోనే. "ఎక్కడున్నాడే?" అంటే, "నాకూ తెలీదత్తా. ఫోనొస్తే బాగున్నట్టు" అంటుంది.

ఎక్కడున్నాడో చెప్పకూడదు, ఒప్పుకుంటాను. అది ఉద్యోగ ధర్మం. కానీ ఆ గుట్టు ఇంటి కాగితాల దాకా పాకితేనే నాకు ఒళ్లు మండుతుంది. "అవన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాను" అనే భర్తలు ఎవరింట్లో లేరు? మన ఇళ్లలో అయితే కరెంటు బిల్లు కట్టడం ఆలస్యమవుతుంది, అంతే. వాళ్లింట్లో అలా కాదు.

సాయం లేదని కాదు. సైనికుల భార్యల కోసం ఆవా అనే సంఘం 1966 నుంచీ ఉంది. నేవీకీ, ఎయిర్‌ఫోర్స్‌కీ వేరే సంఘాలున్నాయి. మిలటరీ ఆసుపత్రులు, ఆర్మీ స్కూళ్లు, క్యాంటీన్లు, భర్త సరిహద్దుకి వెళ్తే కుటుంబం ఉండటానికి కొన్ని చోట్ల క్వార్టర్లు కూడా ఉన్నాయి. అయితే ఇందులో చాలా భాగం కంటోన్మెంట్ గోడ లోపలిది. అత్తామామల్ని చూసుకుంటూ పల్లెలో ఉండిపోయిన అమ్మాయికి అందేది తక్కువ. వెళ్లినా అక్కడ మాటలన్నీ హిందీలో. పైగా పెద్ద ఆఫీసరు గారి భార్య ముందు కూర్చుని ఒక జవాను భార్య "నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ" అని నోరు విప్పగలదా? భర్తల హోదా భార్యలకీ అంటుకున్న చోట మనసులో మాట బయటికి రాదు. అందుకే కౌన్సెలింగ్ చేసే మనిషి ఆ వరుసల్లో లేని మనిషై ఉండాలి, మన భాషలో మాట్లాడాలి అంటాను.

పెన్షన్ సంగతి ఇంకా ముఖ్యం. సైనికుడు పోతే భార్యకి వచ్చే పెన్షన్ ఒకటే రకం కాదు. శత్రువుతోనో ఉగ్రవాదులతోనో పోరాడుతూ పోతే ఆఖరి జీతం మొత్తం పెన్షన్‌గా వస్తుంది. డ్యూటీ వల్లనే పోయాడు గానీ పోరులో కాదంటే మామూలుగా 60 శాతం. రెండూ కాదంటే చివరికి మిగిలేది 30 శాతం. కమాండోలకి ప్రమాదం యుద్ధంలోనే కాదు, శిక్షణలోనూ ఉంటుంది. పారాచూట్ దూకుళ్లు, నీటి అడుగున ఈతలు అంటే మాటలా! ఏదైనా జరిగితే విచారణ జరుగుతుంది, అందులో రాసిన మాటను బట్టే ఆ ఇల్లు గడవాలి. ఆ కాగితం కాపీ అడగొచ్చని, నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చని భార్యకి ముందే చెప్పేవాళ్లు కావాలి. ఏడుస్తూ కూర్చున్న రోజున చెబితే ఎవరి తలకెక్కుతుంది?

ఇంకోటి వినండి. శౌర్య పతకం పొంది చనిపోయిన సైనికుడి భార్యకి నెలనెలా కొంత భత్యం వస్తుంది. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోయేది. మరిదినో బావగారినో చేసుకుంటే మాత్రం ఆగదు! ఈ షరతు తీసేసింది 2017 నవంబరులో. అంటే నిన్నమొన్నటి దాకా ఒక ఆడమనిషి ఎవర్ని చేసుకోవాలో డబ్బు చూపించి ప్రభుత్వమే చెప్పింది. మరిదితో పెళ్లి ఇష్టమైతే వేరే సంగతి. ఇష్టం లేని పిల్ల గతేమిటని ఇన్నేళ్లూ ఆలోచించలేదంటే, ఆ రూల్ రాసిన బల్ల దగ్గర ఆడవాళ్లు ఎవరూ కూర్చోలేదనే నేననుకుంటాను.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి అమ్మాయి ఉంటే అతను సెలవుకొచ్చినప్పుడు ఒక సాయంత్రం కాగితాల కోసం కూర్చోమనండి. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డరులో ఎక్కాయా? ఆధార్‌లో పేరు, సర్వీసు రికార్డులో పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా? మన ఇంటిపేర్ల గొడవ తెలుసుగా, ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలుండదు. జాయింటు ఖాతా ఉందా? గ్రూప్ ఇన్సూరెన్సులో నామినీ పెళ్లికి ముందు రాసిన అమ్మేనా, మార్చారా? అమ్మకీ భార్యకీ చెరి కొంత అని ఇప్పుడే రాసేస్తే తర్వాత ఆ ఇద్దరు ఆడవాళ్లూ కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో కూడా కనుక్కుని ఉంచుకోమనండి. అక్కడ ఎక్కువగా మాజీ సైనికులే ఉంటారు, తెలుగులోనే అడగొచ్చు.