డాంబరు నలుపు చూసి బయానా ఇయ్యొద్దు

దీపావళి దాటిందంటే మన షోలాపూర్ తూర్పు దిక్కంతా ప్లాట్ల బోర్డులు లేస్తయి. అక్కల్‌కోట రోడ్డు పోయినా, కుంభారి దిక్కు పోయినా అదే కత. గేటు, నాలుగు కొబ్బరి మొక్కలు, నడుమ నల్లగ నిగనిగలాడే డాంబరు రోడ్డు. పి.ఎఫ్. పైసలు, గ్రాట్యుటీ పైసలు చేతిలో ఉన్న మనవాళ్ళు ఆ నలుపు చూసి బయానా ఇస్తున్నరు. కొడుకు పెండ్లి నాటికి రేటు పెరుగుతది, అప్పుడు అమ్ముకుందమని ఆశ. ఆశ పడుడు తప్పు కాదు. కానీ ఆ రోడ్డు దీపావళి తర్వాతనే ఎందుకు పడుతదో ఎవ్వరూ అడుగరు. డాంబరు పని వానలు పోయినంకనే చెయ్యాలె, అది నిజమే. దాని వెనక ఇంకోటి ఉన్నది. కొనేవాడు చూసే నాటికి ఆ రోడ్డు ఒక్క వాన కూడా చూసి ఉండదు.

నేను మిల్లు మూతపడ్డంక ఏడేండ్లు ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర ముకద్దం పని చేసిన. చదువు నాలుగో తరగతే గానీ రోడ్డు పొట్ట కోసి చూసినోణ్ణి. అందుకే ఈ నెల రోడ్డు సంగతి రాస్తున్న.

మన దగ్గర చాలా చోట్ల నేల నల్లరేగడి. ఎండాకాలంల చెయ్యి దూరేంత పగులిస్తది. వాన పడితే నీళ్ళు తాగి ఉబ్బుతది. రోడ్డు లారీల బరువుకే పాడైతదని మనం అనుకుంటం. మన దిక్కు సగం రోడ్లను కింది మన్నే విరగ్గొడుతది. అందుకని పద్ధతి ప్రకారం చేసేవాళ్ళు పై నల్లమన్ను తీసేసి మురుము నింపుతరు. నీళ్ళు కొట్టి రోలరు తిప్పుతరు. దానిమీద ఖడీ ఒక వరుస, దాన్ని దిమ్మిస చేసినంక 75 మిల్లీమీటర్లు నిలవాలె. దానిమీద ఇంకో వరుస. ఇదంతా అయినంక పైన పరిచే డాంబరు కార్పెట్ ఎంతనుకున్నరు? చిన్న రోడ్లకు 20 మిల్లీమీటర్లు. బొటనవేలి మందం కూడా కష్టమే. అంటే మన కంటికి కనపడేది ఆ బొటనవేలంత, అసలు రోడ్డంతా దాని కిందనే ఉంటది.

ప్లాట్లు అమ్మేవాడు కొందరు ఏం చేస్తరంటే, నల్లమన్ను మీదనే ఖడీ పలచగ చల్లి, రాతి పొడి కొట్టి, పైన కార్పెట్ వేస్తరు. చూపుకు రెండూ ఒక్కటే. గంజి దిట్టంగ పెట్టిన చద్దరు దుకాణంల బలంగ ఉంటది గదా, ఒక ఉతుకు పడితే తెలుస్తది. ఈ రోడ్డుకు మొదటి వానే మొదటి ఉతుకు. ముందు అంచుల పొంట పొడుగు పగులు వస్తది. తర్వాత నడుమ మొసలి వీపు లెక్క చిన్న చిన్న పగుళ్ళు. అట్ల కనపడ్డదంటే కింది పొర జారిందని గుర్తు. పైన ఎంత డాంబరు పూసినా ఆగదు.

మరి కొనేవాడు కింది పొర ఎట్ల చూడాలె? రోడ్డు అంచుకు పొండి. డాంబరు ఎక్కడ ఆగిందో అక్కడ పారతో ఒక జానెడు గీకితే పొరలు కనపడుతయి. పైపు కోసం ఎక్కడన్న గుంత తీసి ఉంటే ఇంకా మంచిది, గోడ కోసినట్టు కనపడుతది. గీకొద్దని అమ్మేవాడు అడ్డం పడితే మీకు జవాబు దొరికినట్టే.

డాంబరుకు నీళ్ళు పగ. రోడ్డు నడుమ ఎత్తు, రెండు పక్కలు వాలు ఉండాలె. లెక్క ఏమంటే 50కి ఒకటి. ఆరు మీటర్ల రోడ్డయితే నడుమ నుంచి అంచుకు మూడు మీటర్లు, ఆ మూడు మీటర్లల ఆరు సెంటీమీటర్లు దిగాలె. మేస్త్రీ దగ్గరుండే నీళ్ళ గొట్టంతో రెండు నిమిషాలల్ల తేలుతది. ఆ వాలు నీళ్ళు పోవుటానికి పక్కన గట్టర్ లేకుంటే మాత్రం వాలుతో ఏం లాభం? ఇంకో మాట: తాగునీళ్ళ పైపు, డ్రైనేజీ వేసినంక రోడ్డు వేసిన్రా, ముందే వేసిన్రా అడుగుండి. ముందే వేస్తే రేపు పైపు కోసం తవ్వుతరు, పూడ్చిన చోటు కుంగుతది, ఆ కుంగిన గీతల నీళ్ళు నిలుస్తయి.

ప్లాటుల షెడ్డు వేసి మగ్గాలకు కిరాయికి ఇద్దమనుకునేవాళ్ళు మనల చాలమంది. మీ లెక్క వేరు. నూలు టెంపోలు వస్తయి, ఒక్క తావులనే మళ్ళుతయి, ఆగుతయి. వాటి డీజిలు, ఆయిలు కారితే డాంబరు కరుగుతది. మన ఎండకు ఎట్లాగూ మెత్తబడుతది. షెడ్డు ముందర కాంక్రీటు గానీ, 80 మిల్లీమీటర్ల బ్లాకులు గానీ వేయించుకోండి. ఇంటి ముందర స్కూటరు, కారుకయితే 60 మిల్లీమీటర్ల బ్లాకు చాలు. బ్లాకుల సుఖం ఏమంటే, పైపు పగిలినా విప్పి మళ్ళ పేర్చుకోవచ్చు. కానీ వాటి కింద కూడా గట్టి పొర ఉండాలె. వట్టి ఇసుక మీద పేరిస్తే ఏడాదిల అలలు లేస్తయి.

పాత గల్లీలల్ల ఇల్లు కొనేవాళ్ళకు వేరే బాధ ఉన్నది. మా గల్లీల రోడ్డు ఖరాబైన ప్రతిసారి పాతది గీకకుండ దానిమీదనే కొత్తది వేసిన్రు. మా నాయన ఇల్లు కట్టిన నాడు రెండు మెట్లు ఎక్కి లోపలికి పోయేది. ఇప్పుడు ఒక మెట్టు దిగాలె. సెప్టెంబరు వానకు గల్లీ నీళ్ళన్నీ మా అర్రలకే. మగ్గం గుంతల నీళ్ళు నిలిచి పడుగు పాడైన ఇండ్లు మా వరుసల మూడున్నయి. అట్లాంటి ఇల్లు చవకగ వస్తున్నదంటే కడప ఎత్తు, రోడ్డు ఎత్తు కొలువుండి. కడప లేపాలంటే తలుపు లేపాలె, గచ్చు లేపాలె, ఆ ఖర్చు మీ రేటుల కలుపుకోండి. కొత్త రోడ్డు వచ్చే ముందు గల్లీ అంతా కలిసి, పాత పొర గీకి వేయాలని కార్పొరేటరుకు రాసి ఇయ్యుండి. మా పక్క గల్లీవాళ్ళు అట్లనే చేసి దక్కించుకున్నరు.

ఇగ కాయితాల మాట. రోడ్డు బాగుంటే అడుగుకు 100 రూపాయలు ఎక్కువ చెప్తరు. ఒక గుంఠా అంటే 1089 చదరపు అడుగులు, అంటే ఆ నలుపుకు మీరు 1,08,900 రూపాయలు ఇస్తున్నరు. అంత ఇచ్చేటప్పుడు ఆ రోడ్డు ఎంత వెడల్పు, కింద ఎన్ని పొరలు, గట్టర్ ఉన్నదా లేదా, అన్నీ అగ్రిమెంటుల రాయించుకోండి. 2016 రెరా చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లకు మించిన భూమిల ప్లాట్లు చేసి అమ్మేవాడు మహారెరాల రిజిస్టరు చేయాలె. పని నాణ్యత లోపం కబ్జా ఇచ్చిన నాటి నుంచి అయిదేండ్ల లోపల బయటపడితే, మీరు చెప్పిన 30 రోజులల్ల వాడే తన ఖర్చుతో సరిచేయాలె. కానీ అగ్రిమెంటుల రోడ్డు మాటే లేకుంటే ఏం చూపి అడుగుతరు? బోర్డు మీద రంగుల బొమ్మ చూపితే కాదు. రోడ్డు కార్పొరేషన్‌కు అప్పజెప్పిన్రా అని కూడా అడుగుండి. అప్పజెప్పని రోడ్డు గుంతల పడితే ప్లాటు కొన్నవాళ్ళే చందా వేసుకోవాల్సి వస్తది.

తొందర లేనివాళ్ళు ఒక్క పని చేయండి. బయానా ఇచ్చే ముందు ఒక వానాకాలం పోనియ్యుండి. గట్టి వాన పడిన మర్నాడు పొద్దున పోయి, నీళ్ళు ఎక్కడ నిలిచినయో చూసుకొని రండి.

సాత్‌బారా ఉతారా ఎట్ల చదవాలో చెప్పుమని చాలమంది అడుగుతున్నరు. వచ్చే నెల అది రాస్త.