పప్పు తింటే చీము పడుతుందా, డాక్టర్ గారూ?

మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్, వెరిబీ మొదలు సిడ్నీలోని వెంట్‌వర్త్‌విల్ దాకా తెలుగువాళ్ళ పేటలు ఏటేటా పెరుగుతున్నాయి. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో మాట్లాడే భాష తెలుగని చెప్పినవాళ్ళు దాదాపు 59 వేల మంది. ఈ ఇళ్ళల్లో ఎవరికైనా గాల్‌బ్లాడర్ తీసేయాలనో, హెర్నియాకి మెష్ వేయాలనో డాక్టర్ చెప్పాడంటే ఆ రాత్రే గుంటూరుకో కరీంనగర్‌కో ఫోన్ వెళ్తుంది. సర్జన్ ఎదుట కూర్చున్నప్పుడు అడిగేవి పైపై ప్రశ్నలు: ఎంతసేపు పడుతుంది, ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి, కారు ఎప్పుడు నడపొచ్చు. మనసును తొలిచే ప్రశ్నలన్నీ ఇంటి ఫోన్‌కే మిగులుతాయి. పప్పు పెట్టొచ్చా? అమావాస్య దాటాక చేయించుకుంటే మంచిదా? వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుంనొప్పేనట, నిజమేనా? గడ్డ మీద కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందట కదా?

ఇవి సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలే. నవ్వుతాడేమోనన్న బిడియంతో మనం దాచుకుంటాం. అడగని ప్రశ్నకు జవాబు రాదు. జవాబు లేనిచోట ఆచారమే శాసనమై కూర్చుంటుంది.

పప్పుతోనే మొదలుపెడదాం. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు, గుడ్డు, మాంసం, వంకాయ, గోంగూర, పులుపు పెడితే కుట్లు చీము పడతాయన్నది కృష్ణా నుంచి ఆదిలాబాద్ దాకా ఇంటింటా వినే మాట. సర్జన్ చెప్పే జవాబు చిన్నది. చీము అంటే సూక్ష్మక్రిములు, వాటితో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాలు, కరిగిన కణజాలం కలిసిన ద్రవం. ఆ క్రిములు ఎక్కువగా మన చర్మం మీదివే. పేగు చిల్లు పడినప్పుడో, అపెండిక్స్ పగిలినప్పుడో మాత్రం అవి కడుపు లోపలి నుంచే వస్తాయి. తిన్న పప్పు జీర్ణకోశంలో అమైనో ఆమ్లాలుగా విడిపోయాకే రక్తంలోకి చేరుతుంది. అది పప్పుగా గాయం దగ్గరికి వెళ్ళే దారే లేదు. గాయం పూడ్చే కొల్లాజెన్‌ను శరీరం ఆ అమైనో ఆమ్లాలతోనే అల్లుకుంటుంది. ముద్దపప్పు చిక్కగా పచ్చగా ఉంటుంది, చీమూ అలాగే ఉంటుంది. ఈ నమ్మకం పుట్టుకకు ఆ పోలికే కారణమని నా అనుమానం. చూపుకు ఒకేలా ఉన్నవాటి మధ్య కారణసంబంధం ఉందనుకోవడం మనిషికి చాలా పాత అలవాటు.

పులుపు సంగతి ఇంకా విచిత్రం. 1939లో బోస్టన్‌లో జాన్ క్రాండన్ అనే యువ సర్జన్, నిమ్మ లాంటి పుల్లటి పండ్లలో ఉండే సి విటమిన్ బొత్తిగా లేని తిండి తింటూ తన ఒంటి మీదే ప్రయోగం చేసుకున్నాడు. మూడు నెలలయ్యాక పెట్టించుకున్న కోత మామూలుగానే మానింది. ఆరు నెలలయ్యాక పెట్టించుకున్న కోత పైన చర్మం కలిసినా లోపల మానలేదు. సి విటమిన్ ఎక్కించాకే మానింది. రెండు వారాలు నిమ్మకాయ మానేసినంత మాత్రాన కుట్లు ఊడిపోవని కూడా ఈ ప్రయోగమే చెబుతోంది, నిజమే. అయినా గాయానికి పులుపు శత్రువన్న మాటకు మాత్రం ఇందులో చోటు లేదు. వంకాయ కొందరికి పడదు, తింటే దురద పెడుతుంది. అలాంటివాళ్ళు ఆపరేషన్ ఉన్నా లేకున్నా దాన్ని మానుకోవాలి. ఒకరికి పడనిది ఊరందరికీ నిషేధం కానక్కర్లేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది దీని తర్వాత జరిగేది. పప్పు తీసేశాం, గుడ్డు తీసేశాం, మాంసం, పెరుగు తీసేశాం. కంచంలో మిగిలింది మెత్తటి తెల్లన్నం, చారు, బీరకాయ కూర, మధ్యలో బ్రెడ్డు. మన పెద్దవాళ్ళలో షుగర్ జబ్బు ఎంత ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు. గాయం చెడటానికి వైద్యశాస్త్రం గట్టిగా గుర్తించిన కారణాల్లో అదుపు తప్పిన షుగర్ ఒకటి, పొగ తాగడం మరొకటి. మాంసకృత్తులు లేని అన్నం మూడు పూటలా పెట్టి షుగర్ పెంచి, చీము రాకూడదని పథ్యం చేయిస్తున్నాం. ఆ చీముకు దారి వేసేది మనమే. చీము పడ్డాక నింద ఎదురింటివాళ్ళు పంపిన సాంబారు మీద పడుతుంది. సిగరెట్టును మాత్రం ఎవరూ పథ్యంలో చేర్చరు. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు సిగరెట్ మానమని సర్జన్ చెప్పినమాట ఇంట్లో సగం మందికి గుర్తుండదు. వంకాయ మీద ఉన్న పట్టుదలలో పదోవంతు దాని మీద ఉంటే ఎన్ని గాయాలు హాయిగా మానేవో!

యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో పుట్టిన ఆచారాలివి. చీము పడితే ప్రాణం మీదికి వచ్చే కాలంలో, చేయడానికి వేరే ఏమీ లేని తల్లి తిండిని అదుపులో పెట్టింది. ఆ తల్లి భయాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ కాలం వెళ్ళిపోయింది. అడిలైడ్‌లో పుట్టిన హొవార్డ్ ఫ్లోరీ బృందం 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఎక్కించింది. అతని ముఖమంతా చీముగడ్డలు. మందు పడగానే కోలుకోవడం మొదలైంది, మందు అయిపోవడంతో చనిపోయాడు. చీముకు కారణం క్రిములేననడానికి ఇంతకంటే విషాదకరమైన రుజువు అక్కర్లేదు.

ఇక ముహూర్తం. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందుగా నిర్ణయించే ఆపరేషన్‌లను అవసరాన్ని బట్టి మూడు తరగతులు చేస్తారు: 30 రోజుల్లో జరగాల్సినవి, 90 రోజుల్లో జరగాల్సినవి, 365 రోజుల్లో జరగాల్సినవి. క్యాన్సర్ ఆపరేషన్‌లు సాధారణంగా మొదటి తరగతిలోకి వస్తాయి. ఆసుపత్రి నుంచి తేదీ చెప్పే ఉత్తరం వచ్చాక మూఢమనో, ఆషాఢమనో తేదీ తిప్పి పంపితే, జబ్బు మన పంచాంగం చూసి ఆగదు. హెర్నియాలో పేగు ఇరుక్కుని రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే ఆ ముక్క కుళ్ళడం మొదలవుతుంది. రాహుకాలం దాటేదాకా ఆగుదామన్న మాట అక్కడ ప్రాణాంతకం.

ఈ దేశంలో ముహూర్తం తర్కం తనకు తానే చిక్కుపడుతుంది. డిసెంబర్ చివరి నుంచి సూర్యుడు ఉత్తరానికి జరగడం మొదలుపెడితే విజయవాడలో పగలు పెరుగుతుంది, మెల్‌బోర్న్‌లో తరుగుతుంది. వెలుగు పెరిగే పుణ్యకాలమని మనం చెప్పుకునే ఉత్తరాయణం ఇక్కడ చీకటి పెరిగే కాలం. చంద్రుడి మాటా అంతే. మనకు శుక్లపక్షం మంచిది, అమావాస్య దగ్గరపడేకొద్దీ భయం. జర్మన్ మాట్లాడే దేశాల్లోనూ చంద్రుణ్ణి చూసి ఆపరేషన్ తేదీ పెట్టుకునేవాళ్ళున్నారు. వాళ్ళ నమ్మకంలో చంద్రుడు క్షీణించే పక్షమే కోతకు మంచిది, పెరిగే పక్షం చెడ్డది. ఒకే చంద్రుడు, రెండు వ్యతిరేక శాసనాలు. రెండూ నిజం కాలేవు. వియన్నా వైద్యులు మూడు వేల ఏడు వందల మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగుల లెక్కలు తీసి 2001లో ప్రచురించారు. ఆపరేషన్ రోజు చంద్రుడు ఏ దశలో ఉన్నాడన్నదానికీ, తర్వాత ఎన్నాళ్ళు బతికారన్నదానికీ సంబంధం కనపడలేదు.

వెన్నులో సూది గురించి వేగంగా చెప్పేస్తాను. కాన్పు నొప్పులకు వెన్నులో మందు ఇచ్చినవాళ్ళనూ, వేరే పద్ధతిలో నొప్పి తగ్గించినవాళ్ళనూ పోల్చి చూసిన పరీక్షల్లో దీర్ఘకాలపు నడుంనొప్పి రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా తేలింది. సూది గుచ్చినచోట కొన్నాళ్ళు నొప్పి ఉండొచ్చు. బిడ్డను ఎత్తుకుని, వంగి, నిద్ర లేక అలసిన నడుం నొప్పికి కారణాలు చాలా ఉన్నాయి, నింద మాత్రం సూది ఒక్కదాని మీదే పడింది.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న నమ్మకం వీటన్నిటికంటే ప్రమాదకరం. అది ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. పల్లెల్లో జబ్బు ముదిరాక ఆసుపత్రికి వచ్చేవారు. పొట్ట తెరిస్తే అప్పటికే అంతటా పాకి ఉండేది, మూసి కుట్టి పంపేసేవారు, నెలల్లో మనిషి పోయేవాడు. చూసినవాళ్ళకు కనపడింది కత్తి, దాని వెనకే చావు. కత్తికి ముందు గడిచిపోయిన ఏడాది ఎవరికీ కనపడలేదు. సూది పరీక్ష చేయకూడని గడ్డలు కొన్ని అరుదుగా ఉన్నాయి. వృషణంలో వచ్చే గడ్డ అలాంటిది. సర్జన్‌లకు ఆ సంగతి తెలుసు, అక్కడ వాళ్ళు సూది పెట్టరు. రొమ్ములో గడ్డకు సూది పరీక్ష వద్దని భయపడి ఆరు నెలలు దాచుకున్న స్త్రీకి హాని చేసేది ఆ ఆరు నెలలే.

ఆలస్యం చేసే హానిని ఈ దేశం కళ్ళారా చూసింది. పెర్త్‌లో ఒక చదువుకున్న మహిళకు 2003లో రెక్టల్ క్యాన్సర్ అని తేలింది. వైద్యులు ఆపరేషన్ సూచించారు. ఆమె హోమియోపతి వైపు వెళ్ళింది. అదే ఏడాది పేగు మూసుకుపోయి, భరించలేని స్థితిలో అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 2005లో మరణించింది. 2010లో కరోనర్ విచారణ ముగించి, మొదట్లోనే సరైన వైద్యం అంది ఉంటే ఆమె బతకడానికి మంచి అవకాశం ఉండేదని తేల్చాడు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య వైద్య పరిశోధన మండలి అందుబాటులో ఉన్న అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, ఏ ఒక్క జబ్బుకూ హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని ప్రకటించింది. చదువు ఉన్నంత మాత్రాన నమ్మకం నుంచి రక్షణ దొరకదని ఆమె కథ చెబుతుంది. మన ఇంజనీర్‌లకూ ఇది వర్తిస్తుంది.

మలంలో రక్తం పడితే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకునేవాళ్ళు మనలో ఎందరో. మొలలే అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. 50 నుంచి 74 ఏళ్ళ మధ్యవాళ్ళకు ప్రభుత్వం పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష కిట్‌ను ఉచితంగా పోస్టులో పంపుతుంది. 2024 జూలై నుంచి 45 నిండినవాళ్ళు కూడా అడిగి తెప్పించుకోవచ్చు. ఆ కవరును అసహ్యమనుకుని సొరుగులో పడేయకండి.

మరి డాక్టర్లకు మాత్రం మూఢనమ్మకాలు లేవా? ఉండేవి, చాలా ఉండేవి. ఆపరేషన్ అయ్యాక రోగిని రోజుల తరబడి మంచం మీదే ఉంచేవారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరి మనుషులు పోయేవారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు మంచం మీద పడుకోవడం వల్ల వచ్చే ప్రమాదాల మీదే ఒక వ్యాసం రాశాడు. ఇప్పుడు సాయంత్రానికే నర్సు లేపి నడిపిస్తుంది, సాండ్‌విచ్ పెడుతుంది, హెర్నియా అయితే చాలాసార్లు ఆ రోజే ఇంటికి పంపేస్తుంది. మనవాళ్ళు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. నడక, తిండి అక్కడ వైద్యంలో భాగం. అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్ళు కూడా ముట్టకూడదన్న నియమమూ సడలింది. సాధారణంగా పెద్దవాళ్ళు మత్తుకు ఆరు గంటల ముందు వరకు తేలికపాటి ఘనాహారం, రెండు గంటల ముందు వరకు నీళ్ళు తీసుకోవచ్చు. కొన్ని జబ్బులకు, కొన్ని మందులకు లెక్క మారుతుంది కనుక మీ ఆసుపత్రి చెప్పిందే మీకు నియమం.

కడుపులో పుండుకు కారం, టెన్షన్ కారణమని ప్రపంచంలోని సర్జన్‌లంతా నమ్మి, పొట్టలో భాగం కోసేసేవారు, యాసిడ్ ఊరించే నరం కత్తిరించేవారు. 1982లో పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ పుండ్ల వెనక ఉన్న క్రిమిని పెంచి చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని రుజువు చేశాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఒకటి రెండు వారాల మందులతో నయమయ్యే జబ్బుకు వేలమంది పొట్టలు కోశామని ఒప్పుకోవాల్సి రావడం సర్జన్‌లకు చిన్న విషయం కాదు. అయినా ఒప్పుకున్నారు, ఆ కోతలు దాదాపు మానేశారు. నేను వైద్యాన్ని నమ్మడానికి కారణం ఇదే. పథ్యం జాబితాకు ఇలాంటి పరీక్ష ఎప్పుడు పెట్టాం? పరీక్షలో ఓడినదాన్ని ఎప్పుడు కొట్టేశాం?

ఆపరేషన్‌కు ముందు దేవుడికి దండం పెట్టుకుంటే సర్జన్‌కు అభ్యంతరం లేదు, నాకూ లేదు. వచ్చాక దిష్టి తీస్తామంటే తీయనివ్వండి. తిండి తగ్గించేది, తేదీ జరిపేది, మందు దాచేది మాత్రం ఒప్పుకోకండి. దాచడమంటే గుర్తొచ్చింది: వెల్లుల్లి మాత్రలు, అశ్వగంధ, భస్మాలు, ఊరి నుంచి తెప్పించుకున్న చూర్ణాలు వాడుతున్నామని మనవాళ్ళు మత్తు డాక్టర్‌కు చెప్పరు. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి, కొన్ని మత్తుమందుతో పడవు. డబ్బాతో సహా తీసుకెళ్ళి చూపించండి.

అమ్మకో నాన్నకో ఆపరేషన్ అయితే, సర్జన్ గదిలో అనువాదం కొడుకుతోనో కోడలితోనో చేయించకండి. పెద్దావిడ అడిగిన ప్రశ్నలో సగం పిల్లలే సిగ్గుపడి మింగేస్తారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడే చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగి దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఫోన్‌లో దుబాసీని కలిపే ప్రభుత్వ సేవ, టిఐఎస్ నేషనల్, నంబరు 131 450.