మార్గము వేసిన చాలునా?

2024వ సంవత్సరము మార్చి 5వ తేదీన సంగారెడ్డిలో జరిగిన సభయందు ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు ఘట్‌కేసరునుండి లింగంపల్లికి పోవు యెం.యెం.టి.యెస్. రైలుబండికి పచ్చజెండా చూపిరి. అంతకుముందు గూడ్సుబండ్లకే పరిమితమైయుండిన సనత్‌నగరు, మౌలాలి నడుమ 22 కిలోమీటర్ల మార్గము జంటపట్టాలతోను విద్యుచ్ఛక్తితోను క్రొత్తరూపు దాల్చి, ప్రయాణికుల బండ్లకు మొట్టమొదటిసారి అనువయ్యెను. ఫిరోజ్‌గూడ, సుచిత్రా సెంటరు, భూదేవినగరు, అమ్ముగూడ, నేరేడుమెట్టు, మౌలాలి హౌసింగుబోర్డు కాలనీ యను ఆరుచోట్ల స్టేషను భవనములు లేచినవి. నగరము పెరిగి పెరిగి తనలో కలుపుకొనిన పల్లెలకును, నిన్నమొన్న వెలసిన కాలనీలకును ఇవి ముంగిటి స్టేషనులు. సంతోషింపదగిన సంగతియే. కాని జెండా యూపుటతో తీరు పని కాదిది యని నా యభిప్రాయము. ఆ మాటనే యిచ్చట కొంత వివరించెదను.

హైదరాబాదు శివారు బండ్లతో వేటపాలెపు పాఠశాల పత్రికకు పని యేమని కొందరు తల్లిదండ్రు లడుగవచ్చును. మగ్గముమీద బ్రతుకు గడవని కుటుంబములును, చదువు ముగించిన యువకులును మన ప్రాంతమునుండి ఆ నగరమునకు పోవుచునే యున్నారు. నగరమధ్యమున అద్దె భరింపలేనివాడు శివారుననే కాపురముండును. వాని దినమంతయు బండి వేళనుబట్టి యేర్పడును. అదియునుగాక, అచ్చటి ప్రశ్నయే మన స్టేషనునకును గలదు. దానిని తరువాత చెప్పెదను.

ఈ యెం.యెం.టి.యెస్. 2003 ఆగస్టు 9వ తేదీన ఆరంభమైనది. ఆ పొడియక్షరములకు బహువిధ రవాణా వ్యవస్థ యని యర్థము. అనగా రైలు దిగినవానికి బస్సు సిద్ధముగ నుండవలయునను తలంపు. ఉన్న మార్గములనే వాడుకొనుటచే టిక్కెట్టు చవుక. ఈ శివారు పొడిగింపులు రెండవ దశకు చెందినవి. వానికి కావలసిన ధనములో మూడింట రెండుపాళ్లు రాష్ట్రప్రభుత్వమును, ఒకపాలు రైల్వేశాఖయు భరించునట్లు ఒడంబడిక జరిగెను. ధనము సకాలమున చేరక పనులు ఏండ్లతరబడి సాగినవి. తుదకు 2023 ఏప్రిలు 8వ తేదీన మేడ్చలు, ఉందానగరులవరకు బండ్లు పొడిగింపబడి 13 క్రొత్త సర్వీసులు ప్రారంభమైనవి. మరుసటి యేడు ఘట్‌కేసరు బండి వచ్చినది.

ఇప్పుడు నేరేడుమెట్టు ప్రక్కనుండి ఆసుపత్రికి పనికి పోవు ఒక ఆయాను తలంచుకొనుడు. ఆమె యారుగంటలకు పనిలో నుండవలయును. రాత్రి పనియైనచో తొమ్మిదింటికి విడుదల. క్రొత్త మార్గములలో ఒక బండికిని మరియొక బండికిని నడుమ గంటలకొలది వ్యవధి యుండుటయే ప్రజల మొర. అట్లుండగా ఆమె బండి వేళకు పని చేయునా, పని వేళకు బండి వెదకునా? రెండు దినములు ప్రయత్నించును. మూడవనాడు షేరాటో యెక్కును, కూలిలో కొంత దానికే యర్పించును. పిమ్మట అధికారులు లెక్కలు తీయుదురు. బండ్లలో జనము లేరు గనుక బండ్లు పెంచుట దండుగ యందురు. బండ్లు తక్కువగుటచే జనము రారు, జనము రాకుండుటచే బండ్లు పెరుగవు. ఈ గానుగచుట్టు తిరుగుటలో ఎద్దునకు కలుగు శ్రమ తప్ప మార్గము తరుగదు.

సువార్తలోని ద్రాక్షతోట యజమానుని మన విద్యార్థు లెరుగుదురు. అతడు తెల్లవారుజామున ఒకసారి సంతవీథికి పోయి యూరకుండలేదు. మూడవగంటకు, ఆరవగంటకు, తొమ్మిదవగంటకు, పదునొకండవ గంటకును పోయి, నిలిచియున్నవారిని పిలుచుకొనివచ్చెను. కూలి సంగతి నుపదేశించునపుడు ఆయన యన్ని మారులు బయలుదేరుటను మనము గమనింపము. శివారు బండి నడుపువారికి ఆ మనుష్యునికంటె మంచి టైముటేబిలు దొరకదు.

రైల్వేవారి యిబ్బందియు నిజమైనదే. ఈ బండ్లు అనేకచోట్ల దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్సులును గూడ్సులును నడచు పట్టాలమీదనే నడువవలయును. ఇరుకు వచ్చినపుడు పక్కమార్గమున నిలువబడునది చిన్నబండియే. హైదరాబాదు మెట్రోకు ఈ బాధ లేదు. 2017 నవంబరు 28వ తేదీన 30 కిలోమీటర్లతో మొదలైన ఆ మార్గము స్తంభములమీద తనకే వేరుగ గలదు, కావున కొలది నిమిషముల కొక బండి వచ్చును. టిక్కెట్టు మాత్రము ఎక్కువ. చెన్నపట్టణమున బీచి స్టేషనునుండి తాంబరమునకు 1931లోనే విద్యుద్రైళ్లు నడచెను. ఒకటి తప్పిన మరియొకటి వచ్చునను నమ్మకముచేతనే జనము ఆ మార్గము వెంబడి యిండ్లు కట్టుకొనిరి. (మన పెద్దలు దీనిని ధూమశకట మనిరి. నేడు ధూమము పోయినది గాని నిరీక్షణము పోలేదు.)

ఇంగ్లండు దేశమున ఈ చిక్కును చట్టముచే విప్పజూచిరి. 1844 నాటి రైల్వే చట్టము ప్రకారము ప్రతి క్రొత్త కంపెనీయు ప్రతి స్టేషనున నిలుచు బండిని దినమున కొకటియైన, మైలునకు ఒక పెన్నీకి మించని ఛార్జీకి, నడుపవలసియుండెను. 1883లో వచ్చిన మరియొక చట్టము కూలివారికై చవుక బండ్లు నడుపవలెనని కంపెనీల నొత్తిడిచేసెను. ఆ కంపెనీలు ధర్మసంస్థలు కావు, లాభమునకై పుట్టినవి. అయినను పరిమితి చట్టమునందు వ్రాయబడుటచే బీదవాడు బండిని బిచ్చముగ గాక హక్కుగ నెక్కెను. మనయొద్ద క్రొత్త మార్గమునకు ధనము మంజూరగునపుడే, దినమునకు ఇన్ని బండ్లకు తక్కువ కాకుండ, మొదటిది ఈ వేళకు, కడపటిది ఈ వేళకు అని వ్రాసి యొప్పుకొనిన నేమి?

ఇక మన సంగతి. బెజవాడనుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గము 1899లో పూర్తియైనది. ఆ మార్గముమీదనే వేటపాలెము గలదు. ఎక్స్‌ప్రెస్సులలో అధికభాగము మన ఫ్లాటుఫారముమీద ధూళి లేపి పోవును. బాపట్లకో తెనాలికో ఒంగోలుకో పోవలసిన విద్యార్థికిని, చీరెల మూటతో పోవు నేతగానికిని ప్యాసింజరు బండియే దిక్కు. 2020 మార్చిలో మహమ్మారి కాలమున ఈ దేశమందలి ప్యాసింజరు బండ్లన్నియు ఆగినవి. హైదరాబాదు యెం.యెం.టి.యెస్. సయితము 2021 జూను 23వ తేదీన గాని మరల కదలలేదు. తిరిగి వచ్చిన ప్యాసింజరు బండ్లు ఎక్స్‌ప్రెస్ స్పెషలు లను పేరు పెట్టుకొని వచ్చినవి. 10 రూపాయల కనీసపు టిక్కెట్టు 30 అయ్యెను, నడక మాత్రము పూర్వపుదే. 2024 ఫిబ్రవరిలో గాని పాత ఛార్జీ రాలేదు. అంతవరకు బీదలు పేరు మార్పునకు సుంకము చెల్లించిరి. ఇటీవలి సంవత్సరములలో విజయవాడ గూడూరుల నడుమ మూడవ మార్గము చాలవరకు పూర్తియైనది. ఆ చోటును వందేభారతులకును గూడ్సులకును మాత్రమే యిచ్చినచో మన వంటి యూళ్లకు దానిని చూచు భాగ్యమే మిగులును.

చిన్నబండ్లు నష్టము తెచ్చునని చెప్పువారు కలరు. నిజమే, టిక్కెట్టు డబ్బుతో ఖర్చు రాదు. ఊరి రోడ్డు మాత్రము ఎవరికి లాభము తెచ్చుచున్నది? 1876-78 నాటి ఘోరక్షామమున ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు గొని, ఆకలిచే వచ్చిన బీదలచేత త్రవ్వించి కూలి నిచ్చి బ్రతికించిరి. ఆ కాలువపై ధాన్యపు పడవలు, ఉప్పు పడవలు చాలకాలము నడచినవి. త్రవ్వినవారిలో ఎందరు పడవ యెక్కిరో నాకు సందేహమే. రైలుమార్గము వేయు కూలివాని విషయమున అట్లు జరుగగూడదు.

కావున తల్లిదండ్రులకు నా విన్నపము. మన స్టేషనున ఫలానా ఎక్స్‌ప్రెస్సు నాపుడని అర్జీలు వ్రాయుట వాడుక. అది యాగిన సంతోషమే, కాని దినదినమును పోయివచ్చువారికి దానివలన మేలు స్వల్పము. ఈసారి అర్జీలో వేళలు వ్రాయుడు. కళాశాలలు తెరచుటకు ముందు తెనాలివైపున కొకటి, ఒంగోలువైపున కొకటి, సాయంకాలము అవి రెండును మరలివచ్చుటకు తగిన బండ్లు, రాత్రి దుకాణములు మూసిన పిమ్మట ఒకటి, అన్నిటికిని ప్యాసింజరు ఛార్జీయే. ఏ బండికి ఎందరు విద్యార్థులు, ఎందరు పనివారు పోవుదురో పేటపేటకు తిరిగి లెక్క వ్రాసికొనివచ్చు పనిని పై తరగతుల బాలురును బాలికలును వేసవి సెలవులకు ముందే చేయగలరు.