పిల్లల పేర్లకు రూట్ పర్మిషన్ కావాలా?

హోసూరు పక్కనున్న మా తెలుగు బడి అడ్మిషన్ రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. తమిళంలో గకారానికీ కకారానికీ ఒకటే అక్షరం. గోపాల్ అని రాసినదాన్ని కోపాల్ అనీ చదవొచ్చు. ఇంగ్లీషులోనైతే ఒక్క పేరుకే మూడు స్పెల్లింగులు. టీసీ పట్టుకుని కుప్పంలో చేరబోయే పిల్లను ఆ తేడా ఎన్నిసార్లు తిప్పుతుందో తల్లిదండ్రులకు మేం చెప్పనక్కర్లేదు. అందుకే తెలుగులో రాసిన పట్టీ ఒకటి మన దగ్గర ఉండాలి.

ఒక కాలేజీవారు తమ లినక్స్ సర్వర్లో మాకో అకౌంట్ ఇచ్చారు. డేటాబేస్ పెట్టమంటే, రూట్ పాస్‌వర్డ్ ఉన్నాయన రావాలన్నారు. ఆయన జూన్‌లో రాలేదు, జూలైలోనూ రాలేదు. పదిమంది వాడే మిషన్ తాళం అందరికీ ఇవ్వకపోవడం న్యాయమే. అది లేనిదే పని కాదనుకుని కూర్చోవడమే మా పొరపాటు.

నిజానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను రూట్‌గా నడపబోతే అదే ఒప్పుకోదు. సర్వర్లో సీ కంపైలర్, మేక్ లాంటి బిల్డ్ పరికరాలు ఉంటే చాలు. సోర్స్ కోడ్ దించుకుని, కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా మన హోమ్ ఫోల్డర్ ఇస్తే అక్కడే ఇన్‌స్టాల్ అవుతుంది. దాని పోర్టు 5432. మామూలుగా రూట్ అడిగేది 1024 లోపు పోర్టులకే. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టాలి. శ్రీనివాసులు అనే పేరు కంప్యూటర్ లెక్కలో 12 గుర్తులు, 36 బైట్లు. పేరు గడి ఇరుకుగా పెడితే మళ్ళీ మొదటికే వస్తాం.

ఒక్కచోట మాత్రం గుండె గుభేలుమంది. ఇనిట్‌డీబీకి ఏమీ చెప్పకపోతే 'ట్రస్ట్' పద్ధతి పెట్టేస్తుంది. అంటే ఆ సర్వర్లో అకౌంట్ ఉన్న ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రావొచ్చు. సొంత కంప్యూటర్లో అయితే సరే. ఇక్కడ ఆడపిల్లల పుట్టినతేదీలు, ఇంటి ఫోన్ నంబర్లు ఉన్నాయి! మొదటే స్క్రామ్ పద్ధతి ఎంచుకుని పాస్‌వర్డ్ పెట్టాలి. అంత ఓపిక లేనివారు కాగితం రిజిస్టరుతోనే ఉండటం మేలని మా అభిప్రాయం.

ఇద్దరు టీచర్లున్న బడికి ఇంత హంగు కూడా వద్దు. ఎస్‌క్యూలైట్ చాలు, డేటా అంతా ఒక్క ఫైలు. మా పద్ధతిలోనైతే సర్వర్ ఆగి లేచినప్పుడు డేటాబేస్ దానంతటది లేవదు, క్రాన్‌ట్యాబ్‌లో ఒక వరుస రాయాలి. వారానికోసారి బ్యాకప్ తీసి బీరువాలో పెడుతున్నాం. ఇవన్నీ హెడ్మాస్టర్ సంతకంతో కాలేజీవారికి ఉత్తరం ఇచ్చి, సరేనన్నాకే చేశాం. దొంగచాటుగా చేసే పని కాదిది.

ఇప్పటికి ఐదో తరగతి దాకా ఎక్కించాం. అమ్మానాన్నలు దరఖాస్తులో తెలుగు పేరు గడిని ఖాళీగా వదిలేస్తున్నారు. ఈసారి అదొక్కటి నింపి పంపండి.